అరవై మూడో తాళంచెవి

పెట్టెలో అరవై మూడు ఉన్నాయని కంప్యూటరు చెబుతోంది. నా చేతికి వచ్చినవి అరవై రెండు. 2005 ఫిబ్రవరి పన్నెండు, శనివారం, ఉదయం పదకొండున్నరకు నోటుపుస్తకంలో ఈ రెండు అంకెలనూ ఒకదాని కింద ఒకటి రాసి, తీసివేసి, కింద ఒకటి అని వేశాను. ఆ ఒకటి ఒక మనిషి కుడికన్ను.

గద్వాలలో ఆడపిల్లల బడిలో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి 2003లో రిటైరయ్యాను. ఊరికే కూర్చోవడం అలవాటు లేక, మరుసటి ఏడాది వనపర్తిలో ఒక కంప్యూటర్ సెంటరులో జావా ప్రోగ్రామింగు నేర్చుకోవడానికి చేరాను. మంగళవారం, శుక్రవారం పొద్దున ఆరున్నర బస్సుకు బయలుదేరి, ఆత్మకూరు మీదుగా ఎనిమిదిన్నరకు దిగేదాన్ని. అక్కడ నేర్పే అమ్మాయి కొత్త మనిషి కాదు. మా బడిలో పదో తరగతి చదివి, నిఖా అయ్యాక వనపర్తికి వచ్చిన పిల్ల. ఒకప్పుడు ఆమె నోటుపుస్తకంలో నేను ఎర్రసిరాతో గీతలు గీసేదాన్ని. ఇప్పుడు నా ప్రోగ్రాములో తప్పులను ఆమె వేలితో చూపించేది. “స్టెప్పు రాయకపోతే మార్కు లేదని మీరే కదా టీచర్ అంటుండె” అని నవ్వేది.

ఆమె నాకు మొదట నేర్పిన సంగతి, లోపలిదాన్ని లోపలే ఉంచడం.

“పోస్టాఫీసుల కిటికీ ఉంటది కదా టీచర్. మనం లోపలికి పోం. కిటికీల నుంచి అడుగుతం, లోపలాయన తీసిస్తడు. ఏ అరల పెట్టిండో మనకేం పని? ప్రోగ్రాముల మనం రాసే క్లాసు గూడ గంతే. ఎన్ని కిటికీలు కావాలో అన్నే పెట్టాలె.”

మా ఇంటాయన పోస్టాఫీసులోనే పనిచేసి రిటైరయ్యారు కాబట్టి ఈ పోలిక నాకు వెంటనే పట్టుబడింది. నాకోసం నేనే ఒక క్లాసు రాసుకున్నాను. దానికి పెట్టె అని పేరు పెట్టాను. మూడే కిటికీలు. ఒక పేరూ దానికి చెందిన వివరమూ ఇస్తే మొదటి కిటికీ తీసుకుని లోపల దాస్తుంది. ఆ పేరే మళ్ళీ చెబితే రెండో కిటికీ వివరం తీసి ఇస్తుంది. మూడోది, లోపల మొత్తం ఎన్ని ఉన్నాయో చెబుతుంది. వివరాన్ని బయటికి తెచ్చే ఆ పేరును కంప్యూటరువాళ్ళు కీ అంటారు. నేను తాళంచెవి అనుకునేదాన్ని. ఒక్క అక్షరం తేడా ఉన్నా అది తిరగదు.

“ఇంకో కిటికీ పెట్టుండ్రి టీచర్. తాళంచెవులన్నీ ఒక్కసారి చూపెట్టేది. లోపల మీరు వాడిన జావా రెడీమేడ్ పెట్టె హ్యాష్‌టేబుల్ల అది ఉంటది. మీరు దాన్ని మూసేసిండ్రు కాబట్టి బయటోళ్ళకు అందుతలేదు.”

“లోపలున్నవాళ్ళ పేర్లన్నీ బయటికి ఎందుకమ్మా? అడిగేవాళ్ళకు తమ పేరు తెలిస్తే చాలదా?”

“మరి మరిచిపోతే?”

“నా దగ్గర పుస్తకం ఉంటుంది.”

ఆ అమ్మాయి తల ఊపింది. “మీ ఇష్టం. క్లాసు మీది” అంది. ఆ మాట నాకు చాలాసార్లు గుర్తొచ్చింది.

ఆ జనవరిలో మా వీధి చివర చీరల వ్యాపారి ఒకాయన ఇంటికి వచ్చాడు. కంటి డాక్టర్లను పిలిపించి గద్వాలలో శిబిరం పెట్టిస్తున్నాడు. అంతకుముందు శిబిరంలో కాగితాలు తారుమారై ఒకరి వివరాలు ఇంకొకరికి అంటుకున్నాయట. “మీ కంప్యూటరు తెచ్చి పెట్టుండ్రి టీచరమ్మా. మీరుంటే లెక్క తప్పదు” అన్నాడు. ఆ చివరి మాటకు నేను పొంగిపోయాను. అది ఒప్పుకోవాలి.

ఫిబ్రవరి ఆరు, ఆదివారం, పెళ్ళిళ్ళు చేసే హాల్లో శిబిరం. శుక్లం ముదిరిందని తేలినవాళ్ళను పక్క గదికి పంపేవారు. అక్కడ ఒక యంత్రంతో కన్ను కొలిచేవారు. శుక్లం తీసేశాక లోపల ఎంత నంబరు లెన్సు పెట్టాలో ఆ కొలతే చెబుతుంది. కొలిచినతను ఆ నంబరును ఒక చీటీ మీద రాసి, నకలు ఉంచుకోకుండా రోగి చేతికిచ్చేవాడు. రోగి నా బల్ల దగ్గరికి వస్తే, నేను చీటీ చూసి నంబరును పెట్టెలో వేసి, చీటీ తిరిగి ఇచ్చేదాన్ని. ఒకే పేరున్న ఆడవాళ్ళు చాలామంది ఉంటారని, తాళంచెవిగా మనిషి పేరు, పక్కన భర్త పేరో తండ్రి పేరో కలిపి ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలని ముందే నియమం పెట్టుకున్నాను.

“పుస్తకంల గూడ రాస్తరా టీచరమ్మా?” అని వ్యాపారి అడిగాడు.

“రెండు చోట్ల రాస్తే రెండు చోట్లా తప్పులు వస్తాయి. ఒక్కచోటే రాయాలి, సరిగ్గా రాయాలి” అన్నాను. పుస్తకంలో మాత్రం మనిషికొక గీత గీశాను. అయిదు గీతల కట్టలు పన్నెండు, విడిగా మూడు.

మధ్యాహ్నం మూడు దాటాక నేత పనివాళ్ళ వీధి నుంచి ఒకామె వచ్చింది. నా కంటే నాలుగైదేళ్ళు చిన్నదై ఉంటుంది. ఎడమ కన్ను చిన్నతనంలోనే పోయింది. కుడికంటి నల్లగుడ్డు మధ్య పాలచుక్క వేసినట్టుంది. తన పేరు చెప్పింది, కొట్టాను.

“భర్త పేరు?”

తల వంచుకుని నవ్వింది.

“చెప్పమ్మా, వెనకాల లైనుంది.”

“ఎట్ల చెప్తనమ్మా? నోట్లకెల్లి ఎన్నడన్న తీసిన్నా?”

“పక్కన ఎవరూ రాలేదా?”

“నా యెంట ఎవరొస్తరు? ఆయన మగ్గం దిగడు. మల్దకల్ల ఉంటడు సూడు దేవుడు, గాయన పేరే.”

ఆమె వెనక నిలబడ్డ ముసలాయన, “గాయన తిరుపతిల గూడ ఉంటడు. జల్ది చెప్పి జరుగమ్మా, నా కాళ్ళు గుంజుతున్నయ్” అన్నాడు. లైనంతా నవ్వింది.

ఆమెను తొందరపెట్టే హక్కు నాకు లేదు. అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నేనూ మా ఇంటాయన పేరు పలకలేదు. ఫారాల మీద రాయవలసి వస్తే రాశాను. ఎవరైనా గట్టిగా అడిగితే పక్కవాళ్ళ వైపు చూశాను. లెక్కల టీచరునే, అయినా మా అత్తగారు పెట్టిన ఆ కట్టుబాటు నా నాలుక మీద ఉండిపోయింది.

“సరే, తెలిసింది, పో అమ్మా” అన్నాను. తెలిసిందనే అనుకున్నాను. వేళ్ళు కీబోర్డు మీద పరుగెత్తాయి. చీటీలోని నంబరు వేశాను. పుస్తకంలో గీత గీశాను. తరువాత ఆ ముసలాయన.

శనివారం నాడు వ్యాపారి అరవై మూడు పేర్ల కాగితం, పక్కన భర్త పేరో తండ్రి పేరో రాసి, పంపాడు. ఒక్కొక్క పేరూ కొట్టి, లెన్సు నంబరు తీసి, పక్కన రాస్తూ వచ్చాను. అందరివీ వచ్చాయి. ఆమె దగ్గర ‘లేదు’ అని వచ్చింది. మళ్ళీ కొట్టాను. లేదు. మొత్తం ఎన్ని అని అడిగితే అరవై మూడు అంటోంది. అంటే నంబరు లోపలే ఉంది. నేను పిలుస్తున్న పేరుకు పలకడం లేదు.

వ్యాపారికి ఫోన్ చేశాను. ఆయన డాక్టరుతో మాట్లాడి పావుగంటలో తిరిగి చేశాడు.

“సారు కరాఖండిగ చెప్పిండు టీచరమ్మా. ఆమెకున్నది ఒక్కటే కన్నంట. అందాజ మీద లెన్సు పెట్టనంటుండు. సోమవారం రెండు గంటలకల్లా నంబరు హైదరాబాదుకు చెప్తే లెన్సు ప్యాకైతది. మంగళవారం నాగర్‌కర్నూల్ల ఆపరేషన్లు. రెండు దాటితే ఇగ ఆమెను లిస్టుల నుంచి తీసేసుడే.”

“మళ్ళీ కొలవలేరా?”

“యంత్రం వేరే జిల్లాకు పోయింది. మళ్ళ దసరా తర్వాతనే. గప్పటిదాంక ముదిరితే కన్ను చేతికి రాదని గూడ అన్నడు.”

గడియారం చూసుకున్నాను. సోమవారం రెండు గంటలకు యాభై గంటల మీద పది నిమిషాలు. భోజనం చేయకుండానే నేత వీధికి నడిచాను.

వాళ్ళాయన గుంటమగ్గంలో కూర్చుని నేస్తున్నాడు. ఆమె గుమ్మంలో, వెలుతురుకు ముఖం పెట్టి కూర్చుంది. ఆ వీధిలో అచ్చులు అతకడంలో ఆమెది పెద్ద పేరని నాకు అక్కడే తెలిసింది. ఒక పడుగు అయిపోయాక కొత్త పడుగు పోగులను పాతవాటి కొనలకు ఒక్కొక్కటిగా, వేలికి బూడిద అద్దుకుని, మెలిపెట్టి అతకాలి. అవి వేలల్లో ఉంటాయి. ఏడాదిగా ఎవరూ ఆమెను పిలవడం లేదు. చూపు తగ్గాక వేళ్ళతో తడుముతూ కొన్నాళ్ళు చేసిందట. ఒక చీరలో పోగులు పక్కపక్కకు దాటిపోయాయి. అప్పటినుంచి మానేసింది. నంబరు దొరకడం లేదని చెప్పాను.

“ఏందమ్మా, నా కన్ను మీ పెట్టెల పడిపోయిందా?” అంది నవ్వుతూ. ఆమె నవ్వగలగడం నాకు ఇంకా కష్టమనిపించింది.

చీటీ అడిగాను. కొంగున ముడేసి, మరిచిపోయి, చీర ఉతికేసిందట. ఎండబెట్టి దాచిన కాగితం ముద్ద తెచ్చి ఇచ్చింది. విప్పి ఎండకు పట్టి చూస్తే చివర ఒక చుక్క, చుక్క పక్కన అయిదు. ముందున్న అంకెలు పోయాయి. ఏదో ఒక సంఖ్య మీద అర. పదిహేడున్నర కావచ్చు, ఇరవై అయిదున్నర కావచ్చు.

మగ్గంలోంచి వాళ్ళాయన తన పేరు తానే గట్టిగా చెప్పాడు. “రాసుకోండి టీచరమ్మా. నా పేరు చెప్పనీకె గంత సిగ్గైతే నలభై ఏండ్లు నాతోని సంసారం ఎట్ల చేసిందో అడుగుండ్రి.”

“పేరు తీస్తే నీ ఆయుస్సు తగ్గుతదని మీ అమ్మనే చెప్పె. నీ మంచికే కద మూసుకున్న” అంది ఆమె.

“నా ఆయుస్సు పెరిగె, నీ కన్ను పాయె.”

ఆమె నోరు తెరవనందువల్ల కాదు, తెలిసిందని నేను అన్నందువల్ల ఇది జరిగింది. ఆ మాట అక్కడ చెప్పే ధైర్యం నాకు రాలేదు.

వ్యాపారి కాగితంలోనూ అదే పేరు ఉంది. ఇంటికి వచ్చి మళ్ళీ కొట్టాను. లేదు. అక్షరాలు మార్చి పదకొండు రకాలుగా కొట్టాను. లేదు. అప్పుడు మల్దకల్ దేవుడికి జనం పెట్టుకునే పేర్లు గుర్తు చేసుకుని కాగితం మీద రాశాను. తిమ్మప్ప, గోవిందు, తిరుపతయ్య, ఇలా తొమ్మిది వచ్చాయి. ఒక్కొక్కటీ కొట్టి, పక్కన ఇంటూ గుర్తు పెట్టాను. తొమ్మిదీ లేవు. మా ఇంటాయన రెండుసార్లు వచ్చి చూశారు. “ఏందే, గా డబ్బ ముందల్నే తెల్లారె, గా డబ్బ ముందల్నే పొద్దు గూకె. ముద్ద తింటవా లేదా?” అన్నారు. తిన్నాను. ఏం తిన్నానో తెలియదు.

ఆదివారం పొద్దున, ఆ అమ్మాయి పెట్టమన్న నాలుగో కిటికీని పెట్టడానికి కూర్చున్నాను. జావా పాఠ్యపుస్తకంలో ఉన్న ఉదాహరణ చూసి, తాళంచెవులన్నీ వరసగా బయటికి ఇచ్చేలా నాలుగు పంక్తులు రాశాను. తప్పుల్లేకుండా కంపైలయింది. శిబిరం వివరాలు దాచిన ఫైలు తెరవమన్నాను. తెరవలేదు. తెర నిండా ఇంగ్లీషులో ఏదో వచ్చింది. ఆరుసార్లు ప్రయత్నించాను. నిన్నటిదాకా కనీసం లెక్కయినా చెప్పిన పెట్టె ఇప్పుడు మూతే తీయడం లేదు. అరవై రెండింటి నంబర్లు కాగితం మీద ఉన్నాయి. మిగిలిన ఒక్కటి ఉన్నది ఆ ఫైలులోనే. దాన్ని నా చేతులతో నేనే పాడుచేశాననుకున్నాను.

వనపర్తికి ఫోన్ చేశాను. చిన్నపిల్లలా అన్నీ ఒక్కసారే చెప్పాను.

“ఫైలుకేం కాలే టీచర్. జర ధైర్యంగుండుండ్రి, పరేషాన్ కాకండి. జావా ప్రతి క్లాసుకూ లెక్కగట్టి ఒక పెద్ద నంబరు ఇస్తది. ఫైలు రాసేటప్పుడు ఆ నంబరు ముద్ర ఏస్తది. మీరు కొత్త కిటికీ పెట్టేసరికి క్లాసు నంబరు మారింది. నన్ను రాసిన క్లాసు నువ్వు కాదని ఫైలు తెరుచుకుంటలేదు. పాత నంబరును మనం క్లాసుల రాస్తే తెరుచుకుంటది. తెర మీద రెండు నంబర్లున్నయ్ కదా? మొదటిదే పాతది. అది రాసుకొని, ఫైలు ఫ్లాపీల ఏసుకొని రేపు రాండి.”

“నేనే రాసి చూడనా?”

“వద్దు టీచర్. తొందరల ఇంకోటి తప్పైతది. రేపు ఇద్దరం చేద్దాం.”

ఆ నంబరుకు పందొమ్మిది అంకెలు. పుస్తకంలోకి ఎక్కించాను. తప్పు పోకుండా అంకెలన్నీ కూడి చూశాను, తొంభై ఒకటి. తెర మీద ఉన్నవీ కూడి చూశాను, తొంభై ఒకటి. ఫైలును ఒకటి కాదు, మూడు ఫ్లాపీల్లో వేశాను. నూలుగుడ్డలో చుట్టి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగించాను.

సోమవారం ఆరున్నర బస్సు ఆరు యాభైకి కదిలింది. జూరాల దగ్గర ఒక ట్రాక్టరు అడ్డం తిరిగి పద్దెనిమిది నిమిషాలు ఆగింది. ఆత్మకూరులో డ్రైవరు టీ తాగడానికి దిగాడు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని గడియారం చూస్తూ కూర్చున్నాను. పక్క సీటావిడ, “ఎవరికమ్మా అన్నం? దవాఖానల ఉన్నరా?” అని అడిగింది. అవునన్నాను.

వనపర్తిలో దిగేసరికి తొమ్మిది ఇరవై. మొదటి ఫ్లాపీ పెట్టగానే యంత్రం కాసేపు గరగరమని, చదవలేనంది. రెండోది చదివింది. అమ్మాయి నా క్లాసులో ఒక పంక్తి చేర్చి, “నంబరు చెప్పుండ్రి” అంది. చదివాను. కొట్టింది. ఫైలు తెరవమంది. అదే ఇంగ్లీషు, అదే నిరాకరణ.

“తొంభై ఒకటి. నేను రెండుసార్లు కూడి చూశాను” అన్నాను.

ఆమె తెరకు దగ్గరగా వంగి చూసింది. తరువాత నా వైపు తిరిగి, నవ్వు ఆపుకుంటూ, “టీచర్, ముందర మైనస్ ఉన్నది” అంది.

సమానం గుర్తు పక్కన చిన్న గీత. అది కూడా గుర్తులో భాగమనుకుని వదిలేశాను. మైనస్ మరిచినందుకు ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు మార్కులు కోసిన మనిషిని. ఈ అమ్మాయికే ఒకసారి క్వార్టర్లీ పరీక్షలో రెండు మార్కులు కోశాను.

“నాకు గుర్తుంది లెండి” అంది ఆమె, నేను అడగకుండానే. “ఇయ్యాల నేను కోస్త.”

మైనస్ పెట్టింది. ఫైలు తెరుచుకుంది. మొత్తం అరవై మూడు.

కొత్త కిటికీని పిలిచింది. తాళంచెవులన్నీ తెర మీద పడ్డాయి. నేను పెట్టిన వరసలో లేవు, అక్షరక్రమంలోనూ లేవు. లోపల దానికి ఎక్కడ చోటుంటే అక్కడ పెట్టుకుంటుందట, అలాగే బయటికిస్తుందట. నేను వ్యాపారి కాగితం ముందు పెట్టుకుని పెన్సిలు పట్టుకున్నాను. ఆమె ఒక్కొక్కటి చదువుతోంది, నేను టిక్కు పెడుతున్నాను. పది, ఇరవై, ముప్పై. ముప్పై ఎనిమిదోది చదివింది. ముందు ఆ నేత ఆమె పేరు. పక్కన భర్త పేరు.

నా పెన్సిలు ఆగిపోయింది.

“ఉన్నదా టీచర్ లిస్టుల?”

“ఆమెదే” అన్నాను.

“మరి భర్త పేరు మీరు చెప్పింది ఇది కాదు కదా. ఇదెవరిది?”

నేను తల వంచుకున్నాను. శిబిరంలో నా బల్ల ముందు ఆమె ఎలా వంచుకుందో అలాగే.

“ఎవరిది టీచర్?”

“మా ఇంటాయనది.”

ఆయనదీ ఆ దేవుడి పేరే. మల్దకల్ దేవుడి పేరని ఆమె అనగానే నా మనసులో ఒక పేరు తోచింది, వేళ్ళు దాన్ని రాసేశాయి. రాయడం వాటికి అలవాటే. శనివారం నాడు ఆ దేవుడికున్న పేర్లన్నీ రాశాననుకుని తొమ్మిది రాశాను. పదోది నాకు తట్టలేదు. పేర్ల జాబితా చెప్పుకునేటప్పుడు నేను ఎప్పుడూ దాటిపోయే పేరు అది. రాయడానికి ముందు మనసులోనైనా పలకాలి కదా.

అమ్మాయి కీబోర్డు దగ్గరికి జరుపుకుంది. తరువాత, “నంబరు తీద్దాం” అంది మెల్లగా.

“ఉండు, ముందు మిగతావి.” మిగిలిన ఇరవై అయిదూ చదివించి టిక్కులు పెట్టాను. అరవై రెండు టిక్కులు, టిక్కులేని తాళంచెవి ఒకటి, కాగితంలో టిక్కులేని మనిషి ఒకరు. అప్పుడు ఆ పేరు కొట్టమన్నాను. ఇరవై ఒకటిన్నర. సంచిలోంచి ఉతికిన చీటీ తీసి చూశాను. చుక్క, చుక్క పక్కన అయిదు. పేరు సరిపోయింది, లెక్క సరిపోయింది, చివరి అంకె సరిపోయింది. మూడు రుజువులు. ఇంక అనుమానం పెట్టుకోనక్కర్లేదు. అయినా పెట్టుకున్నాను. బుధవారం పొద్దున దాకా.

ఎస్టీడీ బూత్ నుంచి వ్యాపారికి చెప్పేటప్పటికి పదకొండు నలభై. ఎలా దొరికిందని అడిగాడు. “నేనే తప్పు పేరు కింద వేశాను” అన్నాను. మూడు రుజువులూ డాక్టరుకు చెప్పమని, ఆయన ఒప్పుకుంటేనే లెన్సు తెప్పించమని రెండుసార్లు చెప్పాను. అరగంట తరువాత మళ్ళీ చేస్తే, ఒప్పుకున్నారన్నాడు.

మంగళవారం ఆపరేషన్లకు పోయేవాళ్ళతోపాటు నాగర్‌కర్నూలుకు నేనూ వెళ్ళాను. వెళ్ళనవసరం లేదని అందరూ అన్నారు. దవాఖాన వరండాలో బెంచీ మీద నాలుగు గంటల పది నిమిషాలు కూర్చున్నాను. ఆమె వరస నలభై నాలుగు. బయటికి తెచ్చినప్పుడు కంటికి కట్టు. డాక్టరు నా వైపు చూసి తల ఊపి, లోపలికి వెళ్ళిపోయాడు. ఆ ఊపడానికి అర్థమేమిటో తెలియక ఆ రాత్రి నాకు కునుకు పట్టలేదు.

బుధవారం పొద్దున ఎనిమిదిన్నరకు కట్లు విప్పారు. ఆమె కన్ను చాలాసేపు తెరవలేదు. నర్సు వేళ్ళు చూపించి ఎన్ని అంది. ఆమె తెరిచింది. మూడంది, సరిగ్గానే. తరువాత నర్సును దాటి నా కొంగు వైపు చూసింది. నేను గద్వాల చీర కట్టుకుని వెళ్ళాను. నూలు ఒళ్ళు, పట్టు కొంగు.

“గీ అతుకు ఎవరు ఏసిండ్రు టీచరమ్మా? పోగు దాటింది సూడు గాడ.”

చూసుకున్నాను. కళ్ళద్దాలు పెట్టుకుని, కొంగు దగ్గరికి తెచ్చుకుంటే తప్ప నాకు కనిపించలేదు. ఒక్క పోగు. పక్కదానితో కలిసిపోయింది. పదకొండేళ్ళుగా కడుతున్న చీర.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. దాన్ని దాచుకోవడానికి కొంగు మడతపెడుతూ కూర్చున్నాను.

మధ్యాహ్నం వ్యాను ఎక్కాక నా పక్కనే కూర్చుంది. కంటికి నల్లద్దాలు ఇచ్చారు. “ఇంతకు నా నంబరు ఏడ దొరికె?” అంది. ఆమెకు చెప్పకుండా ఉండడం న్యాయం కాదనిపించింది. శిబిరం నాటి సంగతి మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆమె పేరు పక్కన మా ఇంటాయన పేరు కొట్టానన్నాను. కోపం వస్తే పడాలనే సిద్ధపడ్డాను.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ముందు సీట్లో నర్సు తిరిగి, “తల ఊపొద్దమ్మా, కన్నుకు మంచిది కాదు” అని కసిరింది.

“వారం దినాలు మీ ఆయనకు నన్ను అంటగడితివి గదమ్మా. నీకు తెల్వకుంటనే.” కొంచెం ఆగి, గొంతు తగ్గించి అడిగింది. “మరి ఆయన పేరేంది?”

చెబుదామనే నోరు తెరిచాను. నిజంగానే. ఆమె నల్లద్దాలు నా వైపే ఉన్నాయి.

“మల్దకల్ల ఉంటడు సూడు” అన్నాను.

ఇంటికి వచ్చాక, తీసేసేందుకు అయిదో కిటికీ ఒకటి పెట్టి, ఆ నంబరును పాత పేరు కింద నుంచి తీసేసి, సరైన పేరు కింద వేశాను. మొత్తం ఎన్ని అని అడిగాను. అరవై మూడు. తాళంచెవులన్నీ కాగితం మీద అచ్చు వేసి, తేదీ వేసి, నోటుపుస్తకంలో అంటించాను. మా ఇంటాయన వెనకనుంచి వచ్చి, “అయిపోయిందా నీ పని?” అన్నారు. అయిపోయిందన్నాను.